బాతుతోక రెండు

అసలు తప్పంతా శ్రవణ్‌కుమార్ సేఠ్‌ది. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. పోలీస్‌స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఇప్పుడు కూడా అంటున్నాను, కాకపోతే పెదవులు కదలకుండా. హుస్సేనీ ఆలంలో మూడు తరాలుగా పూజా సామాను హోల్‌సేల్ చేసే ఇల్లు, కర్పూరం పెట్టెలు, అగరొత్తుల కట్టలు, గోడల నిండా దేవుళ్ళు. అలాంటి ఇంటి పెద్దమనిషి, కొడుకు డిగ్రీ రెండోసారి తప్పితే ఏడవకు బేటా అని బండి కొనిస్తాడా? అది మామూలు బండి కూడా కాదు, గల్లీ లోపల స్టార్ట్ చేస్తే మెయిన్‌రోడ్డు మీద మేకలు బెదిరే బండి. నేను ఆరో తరగతి తప్పినప్పుడు మా నాయిన నాకేం కొనిచ్చాడు? సన్న బ్రష్షు ఒకటి చేతిలో పెట్టి నిచ్చెన పట్టుకొమ్మన్నాడు. అంతే, నా చదువు ఆ నిచ్చెన కిందే ఆగిపోయింది. పది గంటలకు రమ్మన్నారు, పదింబావు దాటింది. ఎస్సై మేడం బయటికి పోయింది, వచ్చేదాకా కూర్చో అన్నాడు కానిస్టేబుల్ కైలాసం. ఒక్క సంతకం పని. నా భార్య రాజమణిని ఆరు వారాల కింద గుద్ది పోయిన బండి దొరకలేదనీ, ఫిర్యాదు ఇచ్చిన నాకు ఎవరి మీదా అనుమానం లేదనీ ఒక కాగితం. కింద అంజన్న అని రాసి తేదీ వేస్తే ఫైలు మూస్తారు. ఎవరి మీదా అనుమానం లేదట. నిజమే, నాకు అనుమానం లేదు. ఆ బండి వివేక్‌ది, శ్రవణ్‌కుమార్ సేఠ్ కొడుకుది, అని మూడు వారాలుగా నాకు తెలుసు, తెలిసినదాన్ని అనుమానం అనరు కదా.

ఎదురు గోడకు కొత్త బ్యానర్ కట్టారు. రోడ్డు మీద రేసులు పెడితే ఇకమీద చలానా కాదు, జైలు. అక్షరాలన్నీ కంప్యూటర్‌వి, ప్రాణం లేని అక్షరాలు, ‘జైలు’లో లకు కొమ్ము సగం కోసుకుపోయింది, ఎవడు ప్రింట్ తీశాడో వాడికి సిగ్గు లేదు. బ్యానర్ కింద నలుగురు కుర్రాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు, మొన్న ఆదివారం పట్టుబడ్డ బ్యాచ్. వాళ్ళ అమ్మానాన్నలు కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఒకాయన, మునుపు ఆర్టీసీలో చేసినవాడట, ఖాకీ ప్యాంటు ఇంకా వదలలేదు, కైలాసం వెనక వెనకే తిరుగుతున్నాడు. “సార్, మావాడు రేసుల లేడు సార్. పాలపాకెట్ తేనీకి పోయిండు.” కైలాసం రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు. “నూటిరవై స్పీడుల పాలపాకెట్టా పెద్దాయినా? ఇంటికొచ్చేసరికి పెరుగైతది గదా.” నవ్వు రాకపోతే మనిషినే కాదు, నాకూ వచ్చింది, కానీ పక్కన కూర్చున్న నాగమణమ్మ అనే ఆమె నవ్వలేదు. కొడుకు వంక చూస్తూ, “నవ్వుర్రి, నవ్వుర్రి. బండి కొనియ్యకుంటే రైలు కింద పడతనన్నడు సార్. ఉప్పుగూడ స్టేషన్ మా ఇంటెనకనే ఉన్నది, ఏం జెయ్యాలె నేను?” అంది. ఆ కుర్రాడు నేల చూస్తూ బొటనవేలితో గీతలు గీస్తున్నాడు. “ఇంతకుముందైతే కౌన్సెలింగ్ ఇచ్చి, దండం పెట్టిచ్చుకొని ఇంటికి పంపేటోళ్ళం అమ్మా,” అన్నాడు కైలాసం, “ఇప్పుడు రూల్ మారింది. నడిపినోడు, బండి ఇచ్చినోడు, సైలెన్సర్ కోసినోడు, నంబరు మార్చినోడు, అందరు ఒక్క కేసుల్నే. బోగీలు జోడించినట్టు జోడిస్తున్నం.” నంబరు మార్చినోడు అన్నప్పుడు నా వైపు చూశాడా? చూడలేదు. చెవిలో అగ్గిపుల్ల పెట్టి తిప్పుకుంటున్నాడు. నా మెడ మీద మాత్రం చెమట పట్టింది, ఫ్యాన్ నా వైపు తిరగదు, ఆ ఫ్యాన్‌కు కూడా పోలీసు బుద్ధే.

రాజమణి కార్పొరేషన్‌లో స్వీపర్. కాంట్రాక్టు మీద పదకొండేళ్ళు. సంతోష్‌నగర్ మెయిన్‌రోడ్డు, డివైడర్ పక్కన అర కిలోమీటరు ఆమె వంతు. పొద్దున ఐదింటికి హాజరు వేసుకుని చీపురు పడితే ఏడున్నరకు అయిపోతుంది. అది ఆదివారం. ఆదివారం పొద్దున రోడ్డు ఖాళీ అని ఊళ్ళో అందరికీ తెలుసు, చీపుళ్ళ వాళ్ళకు తప్ప రోడ్డుతో ఎవరికీ పని ఉండదు. మూడు బండ్లు వచ్చాయట. మొదటిది పోయింది, రెండోది పోయింది, చప్పుడుకు ఆమె డివైడర్‌కు ఆనుకుని నిలబడింది, బుద్ధిమంతురాలు, ఎవరి దారికీ అడ్డం పోని మనిషి, మూడోది ఆనుకుని నిలబడ్డ మనిషి దగ్గరికే వచ్చింది. కుడికాలు మోకాలి కింద మూడు చోట్ల విరిగింది. లోపల రాడ్ ఉంది. కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు, ఆ అర కిలోమీటరు ఇప్పుడు వేరే ఆమెకు ఇచ్చారు. ఆమె ఏడుస్తుంది అనుకున్నాను, ఏడవలేదు, అంతకంటే చెడ్డ పని చేస్తోంది, రోజూ ఒకే మాట అడుగుతోంది. ఆమె వేసుకునే కాషాయం జాకెట్ మీద మెరుపు పట్టీలు అరిగిపోతే నేనే కొత్తవి అంటించాను. కంపెనీవి రెండుంటాయి, నేను నాలుగు వేశాను, భుజాల మీద రెండు, వెనక రెండు. నా దగ్గరున్న పసుపు రేడియం షీటులో మిగిలిన ముక్క, చీకట్లో దీపం పడితే పిల్లి కన్నులా లేచి కూర్చుంటుంది. “నువ్వంటిచ్చినయి మస్తు మెరుస్తయి గదా,” అంటుంది మంచం మీద నుంచి, “పట్టపగలు లెక్క మెరుస్తయి. మరి వానికెట్ల కనవడలే?” ఈ పొద్దున కూడా అడిగింది. చెప్పులు వేసుకుంటూ ఏదో గొణిగాను. నాకు కోపం వస్తుంది ఆమె మీద. కాలు విరిగిన మనిషి మీద కోపం రావడం పాపం అని తెలుసు, కానీ రోజూ అదే మాట, అదే మాట, గోడకు మేకు కొడుతున్నట్టు. ఇంకొకటి కూడా చేస్తుంది. ఫోన్‌లో ఆ వీడియో పెట్టుకుని చూస్తుంది. దెబ్బ తగిలిన నాలుగో రోజు చీపుళ్ళ వాళ్ళందరూ రోడ్డు మీద ధర్నా చేశారు, నేనూ పోయాను, ఎవరో మైకు నా మూతి ముందు పెట్టారు. నేను అప్పుడు ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు, ఫోన్‌కు గుర్తుంది. “చలానాలేంది? వాళ్ళ అయ్యలు కడ్తరు. జైల్ల ఎయ్యాలె. నడిపినోన్ని ఎయ్యాలె, దానికి సాయం పట్టినోన్ని గుడ ఎయ్యాలె. ఒక్కన్ని ఇడ్వద్దు!” బస్తీలో అందరి ఫోన్లకూ పోయింది. చాయ్ హోటల్‌లో గ్లాసు పెడుతూ, జైల్ల ఎయ్యాలె అన్నా, అని వెక్కిరిస్తారు. అప్పటికి నేను ఇంకా ఫోటో చూడలేదు.

ఫోటో చూపించింది ఎస్సై మేడమే, మనస్విని మేడం. చిన్న వయసు, గొంతు పెంచదు, అందుకే ఆమె అంటే ఇంకా భయం. మూడు వారాల కింద పిలిచింది. కూడలి దగ్గర కెమెరాలో ఒక్కటే బొమ్మ దొరికింది అంది. నడిపేవాడి మొహానికి నల్ల గుడ్డ, హెల్మెట్, నంబర్‌ప్లేట్ మీద కూడా నల్ల గుడ్డ కట్టాడు. గాలికి ఆ గుడ్డ కొంచెం లేచింది, చివరి రెండు అంకెల కింది సగం కనబడుతోంది. “ఇది కంపెనీ ప్లేట్ కాదు, ఎక్కడో చేయించుకున్నరు. నంబరు గుడ దొంగదే అయ్యుంటది. ఇసోంటి బండ్లు ఊర్ల వేలున్నయి. నీకేమన్న గుర్తుకొస్తుందా అన్నా? గల్లీల ఎప్పుడన్న చూసినవా?” నేను చూశాను. బండిని కాదు. చివరి అంకె రెండు. ఆ రెండు కింద గీత తిన్నగా పోయి ఆగలేదు, చివర కొసలో చిటికెన వేలి గోరంత పైకి లేచింది, నీళ్ళ మీద బాతు తోకలా. లేదు మేడం, ఎన్నడు చూడలే, అన్నాను. నా గొంతు నాదేనా అని ఆ పూటంతా ఆలోచించాను.

ఆ తోక మా నాయినది. షాపు బోర్డులు, లారీల వెనక రాతలు, సినిమా హాళ్ళ ముందు టికెట్ ధరలు, అన్నీ చేత్తోనే రాసేవాడు. ఒక్కో పెయింటర్‌కు ఒక్కో చెయ్యి ఉండేది, ఇది ఫలానా వాళ్ళ ‘క’, ఇది ఫలానా వాళ్ళ ఏడు అని గల్లీ చివర నుంచి చూసి చెప్పేవాళ్ళు. బోర్డు కింద పేరు రాసుకోవడానికి సేఠ్‌లు ఒప్పుకోరు, అందుకని అంకెలో దాచుకోవాలి బేటా అనేవాడు నాయిన. బ్రష్షులో మిగిలిన ఆఖరి చుక్క రంగును రెండు అంకె చివర పైకి లాగేవాడు, బాతుతోక. బ్రష్షులు పోయాయి, రేడియం వచ్చింది, నేను రేడియం షాపు పెట్టుకున్నాను. తర్వాత కోసే మిషన్లు వచ్చాయి, కంప్యూటర్‌లో నంబరు కొడితే మిషనే కోసి ఇస్తుంది, నా దగ్గర మిషన్ లేదు, ఇనుప స్కేలు, బ్లేడు, అద్దం పలక. తర్వాత నంబర్‌ప్లేట్లు కంపెనీ వాళ్ళే బిగించి ఇవ్వాలని రూలు వచ్చింది, ఇంక నాకు మిగిలింది ఆటోల వెనక తల్లి దీవెన, స్కూటర్ల మీద పిల్లల పేర్లు, కారు అద్దం మీద దిష్టి బొమ్మ. పాతబస్తీ మొత్తం మీద ఇవాళ అంకెలు చేత్తో కోసేవాడు నేనొక్కడినే. ఒకప్పుడు ఈ మాట గొప్పగా చెప్పుకునేవాడిని. కోస్తున్నప్పుడు నేను తోక గురించి ఆలోచించను, నా మణికట్టే తిరుగుతుంది, నడిచేవాడు పాదం ఎటు పడుతుందో చూసుకుంటాడా?

వివేక్ రెండు సార్లు సాయంత్రం పూట వచ్చాడు, రెండు సార్లూ పొమ్మన్నాను. అది నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను, పొమ్మన్నాను. “అంకుల్, ఒక్క ప్లేట్ కొయ్యి. రీల్ కోసం. బండి మీద పెట్టి వీడియో తీసుకొని తీసేస్త. రోడ్డెక్కించ, కసమ్.” ఆర్‌సీ పుస్తకం తీస్కరా, ఉన్న నంబరే కోస్త, అన్నాను. “ఉన్న నంబరైతే నీ దాంక ఎందుకొస్త అంకుల్,” అని నవ్వాడు. వాడి నవ్వు బాగుంటుంది, చిన్నప్పుడు నా షాపులో రేడియం ముక్కలు ఏరుకుని నుదుటికి అంటించుకునేవాడు, నేనే వాడి సైకిల్ మీద పేరు కోసి ఇచ్చాను, తెలుగులో, ‘వి’కి గుడి మీద చిన్న పువ్వు పెట్టి. మూడోసారి పొద్దున వచ్చాడు. నేను షట్టర్ ఎత్తి, నీళ్ళు చల్లి, నాయిన ఫోటోకు అగరొత్తి వెలిగించి వెనక్కి తిరిగాను, ఎదురుగా వాడు, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కుడిచేతిలో నోటు మడిచి చాపుతూ, “బోణీ అంకుల్” అన్నాడు. వ్యాపారం ఇంట్లో పుట్టినవాడు, వాడికి తెలియదా? వాళ్ళ నాయన దుకాణంలో మొదటి గిరాకీ అర్ధ రూపాయి కర్పూరం అడిగినా వట్టి చేతుల్తో పంపరు, పంపితే ఆ రోజు లక్ష్మి మెట్టు దిగిపోతుంది. నాకూ అదే మా నాయిన చెప్పిన వేదం. బోణీని కాదనకూడదు. అంతకు ముందు రోజు, దాని ముందు రోజు ఒక్క బేరం లేదు. చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, కళ్ళకు అద్దుకుంది, గల్లాలో వేసింది. ఇంక ఏం చేస్తాను? కోశాను. పసుపు షీటు పరిచి, వాడు చెప్పిన నంబరు, ఏ బండిదో దేవుడికి తెలియాలి, నా చేత్తో కోసి, నల్ల పలక మీద అంటించి, బుడగ లేకుండా గుడ్డతో తుడిచి ఇచ్చాను. షీటులో మిగిలిన ముక్క ఆ సాయంత్రం ఇంటికి తీసుకుపోయాను. రాజమణి జాకెట్ మీద నాలుగు పట్టీలు. ఒకే రేడియం షీటు. వాడి వెనకా నేనే మెరిశాను, ఆమె భుజాల మీదా నేనే మెరిశాను. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? మసీదు ముందు పావురాలకు గింజలు వేసే ముసలాయనతో చెప్పుకోనా?

తప్పు శ్రవణ్‌కుమార్ సేఠ్‌దే. ఎందుకంటే నేను ఫోటో చూసిన మరుసటి రోజు పొద్దున్నే ఆయన గోదాంకు పోయాను, అడుగుదామనే పోయాను, కర్పూరం వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కర్పూరం వాసనకే. వెనకాల పెట్టెల మధ్య నీలం ప్లాస్టిక్ తాడిపత్రి కప్పి ఏదో ఉంది, కింద చక్రం అంచు కనబడుతోంది. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నాకోసం లేవని మనిషి. “ఆ, అంజన్నా! రాజమణికెట్లుంది?” రాడ్డేసిన్రు సేఠ్, అన్నాను. “మంచిగైతది, ఫికర్ చెయ్యకు. అమ్మవారికి చెప్పుకున్న.” ఆస్పత్రికి కూడా వచ్చాడు ఆయన, దానిమ్మ పండ్లు తెచ్చాడు, రాజమణి తల మీద చెయ్యి పెట్టి ఏదో మంత్రం చదివాడు, అప్పటికే ఆయనకు తెలుసు, ఆ చెయ్యి తెలిసిన చెయ్యే, అదీ నేను మర్చిపోలేనిది. వివేక్ కనబడ్తలేడు సేఠ్, అన్నాను. “పుణె పోయిండు. మేనమామ దగ్గర ధంధా నేర్చుకుంటుండు.” బండి తీస్కపోలేదా? ఆయన తాడిపత్రి వైపు చూడలేదు, నా వైపే చూశాడు, గొంతు ఇంకా మెత్తగా చేశాడు. “అంజన్నా, మా మెట్ల కింద నీ షాపు జాగ మీ నాయినకు మా నాయిన నోటి మాట మీద ఇచ్చిండు. నేనెన్నడన్న కాగితం అడిగిననా? ఖాళీ చెయ్యమన్ననా?” లేదు సేఠ్. “మరి? ప్లేట్ కోసినోడు ఎవడు అని గుడ అడుగుతరు కదా పోలీసోళ్ళు. నీ గురించే చెప్తున్న. నాకేం, వకీల్లున్నరు. నువ్వు ఆలోచించుకో.” వచ్చేటప్పుడు చేతిలో ప్రసాదం పొట్లం పెట్టాడు. తిన్నాను కూడా. దారిలో నడుస్తూ చక్కెర పలుకులు ఒక్కొక్కటి తిన్నాను, ఏం చేయను, ప్రసాదం పారేస్తే దోషం.

ఇది న్యాయం అనుకుందామా అంటే ఎలా అనుకోను? నాకు హెల్మెట్ లేదని మా పాత స్కూటర్‌కు చలానా మీద చలానా పంపుతారు, ఫోటోతో సహా, నా బట్టతల ఎంత స్పష్టంగా పడుతుందో. వాళ్ళ గుడ్డ కట్టిన ప్లేటు మాత్రం పడదు. గట్టి చట్టం కావాలి అని అరిచింది నేను, వచ్చింది, ఇప్పుడు అది నా ఇంటి గడప ముందే నిలబడింది. సేఠ్‌కు వకీళ్ళున్నారు, వాడికి పుణె ఉంది, నాకేముంది? మెట్ల కింద జాగ. లోపలికి పోతే ఎవరు రాజమణిని బాత్రూంకు నడిపిస్తారు, ఎవరు గంజి కాస్తారు? కూతురు అంటే పెళ్ళయి సిద్దిపేటలో, ఎన్ని రోజులు వచ్చి ఉంటుంది? సంతకం పెట్టేద్దాం. ఫైలు మూసేస్తారు, నేను పోయి షట్టర్ ఎత్తుతాను, పైన మెట్ల మీద సేఠ్ చెప్పుల చప్పుడు వింటాను, దిగుతూ ఆయన ఏం అంజన్నా అంటాడు, నేను బాగే సేఠ్ అంటాను. సాయంత్రం ఇంటికి పోతాను. మంచం మీద నుంచి ఆమె అడుగుతుంది. వానికెట్ల కనవడలే? రేపు అడుగుతుంది. ఎల్లుండి అడుగుతుంది. రాడ్ తీసేసిన రోజు అడుగుతుంది. అసలు కనబడలేదని ఎవరన్నారు? కనబడే ఉంటుంది. నూటిరవై మీద ఉన్నవాడికి పసుపు మెరుపు కనబడుతుంది, మెరుపు వెనక మనిషి ఉందని తెలిసేసరికి మనిషి ఉండదు. అది వాడి సంగతి. నా సంగతి ఏమిటి? నోటు చాపినప్పుడు నాకేం కనబడింది? బోణీ కనబడింది, అంతే.

“మేడం ఒచ్చింది, లే అన్నా,” అన్నాడు కైలాసం. నలుగురు కుర్రాళ్ళూ బిగుసుకుపోయారు. నాగమణమ్మ లేచి దండం పెట్టబోతే మేడం ఆమె చేతులు పట్టుకుని కిందికి దించింది. “దండాలతోని అయ్యేది ఉంటే ఇన్నేండ్లల్ల అయ్యేది అమ్మా. కోర్టుల చెప్పుకోండి. మీవోడు ఎవర్నీ గుద్దలే, అదృష్టం అనుకోండి.” తర్వాత నన్ను లోపలికి పిలిచింది. ఫైలు తెరిచింది. ఎడమవైపు అట్టకు ఆ ఫోటో క్లిప్పు పెట్టి ఉంది, కుడివైపు కాగితం. “సారీ అన్నా. మేము గుడ చాన తిరిగినం. రేడియం షాపులల్ల అడిగినం, మిషన్ల మీద కొట్టిన అక్షరాలు కావు ఇవి, మాకు తెల్వదు అన్నరు. మళ్ళా ఏమన్న దొరికితే తెరుస్తం.” నా షాపుకు ఎందుకు రాలేదు మేడం అని నోటి దాకా వచ్చింది. ఎందుకొస్తారు, ఫిర్యాదు ఇచ్చినవాడి షాపుకు ఎవరైనా వస్తారా? పెన్ను ఇచ్చింది. చదువుకున్నాను, ఆరో తరగతి వాడిని నెమ్మదిగా చదువుతాను, ఎవరి మీదా అనుమానం లేదు అన్న దగ్గర ఇంకా నెమ్మదిగా. అంజన్న అని రాశాను. “తేదీ గుడ ఎయ్యి,” అన్నాడు కైలాసం వెనక నుంచి.

ఇవాళ ఇరవై రెండు. నేను ఏమీ ఆలోచించలేదు, తేదీ వేయడానికి ఎవరు ఆలోచిస్తారు. చెయ్యి వేసింది. ఒక రెండు, పక్కన ఇంకో రెండు. చూస్తే కాగితం మీద రెండు బాతులు, ఒకదాని వెనక ఒకటి, తోకలు లేపుకుని ఈదుతున్నాయి. ఎదురుగా, జానెడు దూరంలో, ఫోటోలో మూడో బాతు. మేడం చూడలేదు, ఫోన్ మోగితే అటు తిరిగింది. కైలాసం చూడలేదు, ముద్ర కోసం డ్రాయర్ వెతుకుతున్నాడు. ఎవరూ చూడలేదు. పాతబస్తీ మొత్తం మీద అది చూడగలిగినవాడు ఒక్కడు ఉండేవాడు, గోడ మీద అగరొత్తి పొగలో ఉన్నాడు. ఇప్పుడు నేను. మేడం ఫోన్ పెట్టేసి కాగితం తిప్పబోయింది, ఎడమ అట్ట మూతపడబోతోంది, అది మూసుకుంటే బాతు మీద బాతు పడి అన్నీ చీకట్లో ఉండిపోతాయి, చాలా సుఖం, ఎంత సుఖమో నాకు తెలుసు. మెరుస్తయి గదా, అంది రాజమణి నా చెవిలో. కాగితం మీద అరచెయ్యి పెట్టాను. “ఆగుండ్రి మేడం.”

“ఏంది అన్నా?” వేలు ముందు ఫోటో మీద పెట్టాను, తర్వాత తేదీ మీద. ఆమె చూసింది. మళ్ళీ ఫోటో చూసింది. చదువుకున్న పిల్ల, ఎక్కువసేపు పట్టలేదు. కైలాసం డ్రాయర్ వెతకడం ఆపి, నా భుజం మీద నుంచి వంగి, “అరె,” అన్నాడు, “అరె, తోక!” నవ్వబోయి ఆగిపోయాడు. నా చెయ్యి మేడం, అన్నాను. నేను కోసిన ప్లేటే. శ్రవణ్‌కుమార్ సేఠ్ కొడుకు వివేక్‌కు కోసిన. బండి గోదాంల ఉన్నది, నీలం తాడిపత్రి కింద, కర్పూరం పెట్టెల ఎనక. ఒకటే ఊపిరిలో చెప్పాను, మధ్యలో ఆగితే మళ్ళీ మింగేస్తానని భయం. మేడం నేను సంతకం పెట్టిన కాగితం తీసి అడ్డంగా గీత కొట్టింది, తేదీ మీద గీత పడకుండా. “మూడు వారాల కింద అడిగిన నిన్ను,” అంది. అడిగిన్రు మేడం. “నీ మీద గుడ పెట్టాల్సొస్తది. తెల్సు గదా? దొంగ నంబరు కోసినందుకు. షాపు సీజ్ చేస్తం ఇయ్యాల్నే.” తెల్సు. నేనే అడిగిన గదా మేడం, మైకుల, ఒక్కన్ని ఇడ్వద్దని. ఆమెకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు, కైలాసం మాత్రం ముఖం అటు తిప్పుకున్నాడు. “మీ ఆమెకు ఎవరు చెప్తరు?” అంది. నేనే చెప్త, ఒక్క ఫోన్ చేసుకోనియ్యండ్రి. ఏం చెబుతాను? వానికి కనవడ్డది రాజమణీ, నాకే కనవడలే, అంటానా? అర్థం కాదు. ఆ రేడియం షీటు సంగతి ముందు చెప్పాలి, తర్వాత బోణీ, తర్వాత తోక. కోపం వస్తే రానీ, ఈసారి ఆమె వంతు.

కైలాసం కొత్త కాగితం తీశాడు, సీజ్ చేసే జాగ వివరాలు రాసుకోవాలట. ఇంతసేపు అన్నా అన్నా అన్నవాడు ఇప్పుడు గొంతు సవరించుకుని పోలీసు అయ్యాడు. షాపు పేరు? పేరు లేదు, మా నాయిన బోర్డులన్నీ ఊరికి రాశాడు, మాకు రాసుకోలేదు. జాగ ఎవరిది? శ్రవణ్‌కుమార్ సేఠ్‌ది, నోటి మాట మీద ఇచ్చింది, ఇవాళ్టితో ఆ మాట అయిపోతుంది, సీజ్ ఎత్తేసినా నాకు తిరిగి రాదు, అది రాసుకోకు. హద్దులు? పైన మెట్లు, వెనక గోదాం గోడ, ఎడమ పక్క మురుగు కాలువ, ముందు రోడ్డు. “కొలత? పోయి టేపు పెట్టి కొలవాల్నా?” అవసరం లేదు అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు వంగి కూర్చున్న జాగ, రేడియం కొలిచినట్టు కొలిచి పెట్టుకున్నాను, వెంట్రుక తేడా ఉండదు. పొడుగు ఆరడుగుల మూడంగుళాలు. వెడల్పు సరిగ్గా నాలుగు అడుగులు. రాసుకో. మొత్తం రెండు గజాల ఏడు చదరపు అడుగులు.